మొదటి గడప

బోధికుడు భిక్షువుల సంఘంలో చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆకలి అతన్ని ఏమీ చేయలేకపోయింది. చలీ చేయలేకపోయింది. రాతి మీద పడుకోవడం మొదటి వారం కష్టమనిపించింది గానీ, తర్వాత అదే అలవాటైపోయింది. నియమాలన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా ఏ నియమం తర్వాత ఏది వస్తుందో తడుముకోకుండా చెప్పగలడు. చెప్పగలనని అతనికి కాస్త గర్వం కూడా ఉంది. అంతటివాణ్ణి ఆ వానాకాలం ఒక ముసలమ్మ ఓడించింది.

విహారం కృష్ణ ఒడ్డున కొండ మీద ఉండేది. కొండ కింద ఊరు. వానలు కురిసే మూడు నెలలూ భిక్షువులు ఊరూరూ తిరగకుండా ఒక్కచోటే ఉండాలి. మధ్యలో కదిలితే ఆ ఏడు లెక్కలోకి రాదు. భిక్షువుకు వయసు పుట్టిన రోజు నుంచి కాదు, ఇలా గడిపిన వానాకాలాల నుంచే. ఆ మూడు నెలలూ ఒక్కొక్క భిక్షువుకు ఊళ్లో ఒక్కొక్క వీధి. బోధికుడికి గానుగల వీధి పడింది. కొండ దిగిన చోట మొదలై ఏటి దాకా పోయే చిన్న వీధి. పద్నాలుగు గడపలు.

భిక్షకు వెళ్లేవాడు నోరు తెరిచి అడగకూడదు, మాట్లాడకూడదు. గడప ముందు ఆవు పాలు పితికేంత సేపు తల దించుకుని నిలబడాలి. పెడితే పాత్ర పట్టాలి. పెట్టకపోతే తల వంచి పక్క గడపకు నడవాలి. నెయ్యి వేసే ఇల్లని ఒక గడపకు పరుగెత్తకూడదు, విసుక్కునే ఇల్లని ఇంకో గడపను దాటేయకూడదు. వరస అంటే వరసే.

ఆ వరసలో మొదటి గడప కొమ్మవ్వది.

మొదటి రోజు బోధికుడు వెళ్లి నిలబడ్డాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. సన్నగా, పొడుగ్గా, పలచటి తెల్లజుట్టుతో ఒక ముసలావిడ బయటికి చూసింది.

"ఏం లేదు. పో," అంది.

ఇందులో వింతేముంది. లేనివాళ్లు లేదంటారు. బోధికుడు తల వంచి కదిలాడు. రెండో రోజూ అదే మాట. మూడో రోజు మాట కాస్త పొడుగైంది.

"నిన్న లేదన్నాను, మొన్న లేదన్నాను. ఇవాళ ఆకాశం నుంచి ఊడిపడిందా? గూటాల్లాంటి చేతులున్నాయి, ఎవరి గానుగన్నా తిప్పుకోరాదా?"

పక్కింటి గానుగ గంగి అది విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బోధికుడి చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగో రోజు ఆవిడ కుండ కడిగిన నీళ్లు వాకిట్లో పారబోసింది. అవి అతని పాదాల మీద పడ్డాయి. కావాలని పోసిందో, చూడక పోసిందో దేవుడికే తెలియాలి. అతను మాత్రం కావాలనే పోసిందని తేల్చుకున్నాడు.

పదిహేను రోజులు గడిచేసరికి బోధికుడికి తెల్లారడమంటేనే భయం పట్టుకుంది. కొండ దిగుతుంటే కాళ్లు బరువెక్కేవి. ఆ గడప ముందు నిలబడ్డ కాసేపూ ఒళ్లంతా బిగుసుకుపోయేది. మిగతా పదమూడు ఇళ్లలో వేడన్నం, పప్పు, ఒక్కో రోజు వెన్న కూడా పెట్టేవాళ్లు. ఏది తిన్నా రుచి తెలిసేది కాదు. ధ్యానానికి కూర్చుంటే కళ్ల ముందు శ్వాస ఉండేది కాదు, కొమ్మవ్వ ఉండేది. ఆవిడకు మనసులోనే జవాబులు చెప్పేవాడు. మంచి మంచి జవాబులు తట్టేవి. నాలుగేళ్లు కష్టపడి సంపాదించుకున్న ప్రశాంతత ఒక ముసలమ్మ నోటికి కొట్టుకుపోయిందే అని అతనికి ఏడుపొచ్చేది.

చివరికి గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు నందిమిత్ర స్థవిరుడు. డెబ్భై దాటిన మనిషి. మాట తక్కువ. అప్పుడు చిరిగిన వస్త్రానికి కుట్టు వేసుకుంటున్నాడు.

"భంతే, నాకు వేరే వీధి ఇప్పించండి," అన్నాడు బోధికుడు.

"ఆ వీధికేమైంది?"

"మొదటి గడప దగ్గరే మనసు పాడైపోతోంది. దాని తర్వాత రోజంతా పాడే. అది నా దారిలో పెద్ద అడ్డం, భంతే."

స్థవిరుడు సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు. రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి ఎక్కింది.

"వానలయ్యే దాకా ఆ వీధి నీదే," అన్నాడు.

"అయితే నేను వానలయ్యే దాకా ఉండలేను. నది దిగువ విహారానికి వెళ్లిపోతాను. ఈ ఏడు లెక్కలో పోతే పోనివ్వండి."

అతను కోపంతో అన్న మాట కాదది. రెండు రాత్రులు ఆలోచించుకున్నాకే అన్నాడు. గురువును వదిలిపోవడం అతనికి ప్రాణం మీదికొచ్చినంత కష్టం. అయినా అనేశాడు. స్థవిరుడు ఒకసారి తలెత్తి అతని ముఖం చూశాడు.

"పౌర్ణమి దాకా ఆగు. అప్పటికీ వెళ్లాలనిపిస్తే నేనే ఏటి దాకా వచ్చి సాగనంపుతాను," అన్నాడు.

పౌర్ణమికి ఇంకా పదిరోజులుంది.

మర్నాడు కొండ దిగుతూ ఉండగా బోధికుడికి ఒక ఆలోచన తట్టింది. గడప దాటేయకూడదని నియమం చెప్పింది. మొదటి గడప ఏ కొస నుంచి లెక్కపెట్టాలో చెప్పలేదు. పాత్ర నిండాక ఇంక ఏ గడపా ఎక్కనక్కర్లేదని కూడా నియమంలోనే ఉంది. అతను నియమాలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకున్నాడు. ఎక్కడా చిక్కులేదు. పొలాల గట్టు మీదుగా ఏటి దాకా పోయి, ఆ కొస నుంచి వీధిలోకి వచ్చాడు. పదమూడో గడప గంగిది. అక్కడికి వచ్చేసరికి పాత్ర అంచు దాకా నిండింది. గంగి ఇంటికీ కొమ్మవ్వ ఇంటికీ మధ్య ఒక సందుంది. ఆ సందులోంచి గట్టెక్కి, కొండెక్కాడు.

ఆ రోజు అన్నం రుచిగా ఉంది. ధ్యానం కుదిరింది. అయిదు రోజులు అలాగే గడిచాయి.

అయిదో రోజు రాత్రి స్థవిరుడే అడిగాడు. "ముఖం తేటగా ఉంది. అడ్డం తొలగిందా?"

బోధికుడు ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాడు. ఏటి కొస నుంచి మొదలుపెట్టడం, గంగి ఇంటి దగ్గరికల్లా పాత్ర నిండడం, సందు, గట్టు, అన్నీ వివరంగా చెప్పాడు. ఏ నియమం మీద ఏ నియమం ఆనుకుని ఉందో కూడా చెప్పాడు. చెప్పి, మెచ్చుకోలు కోసం చూశాడు.

"తప్పేమైనా ఉందా, భంతే?"

"నియమంలో తప్పేం లేదు," అన్నాడు స్థవిరుడు. "రేపు నీ వీధికి నేను వెళతాను. నీ పాత్ర ఇవ్వు. నా భిక్షలో సగం నీది," అన్నాడు.

"మరి నేను?"

"కొండ దిగి కొమ్మవ్వ అరుగు మీద కూర్చో."

"కూర్చుని ఏం చెయ్యాలి?"

"కూర్చో," అన్నాడు స్థవిరుడు.

తెల్లవారాక బోధికుడు వెళ్లి ఆ అరుగు మీద ఒక మూల కూర్చున్నాడు. సన్నగా తుంపర పడుతోంది. కొమ్మవ్వ తలుపు తీసి అతన్ని చూసింది.

"గడప మానేసి అరుగెక్కావా, సామీ?" అంది.

"మా గురువుగారు కూర్చోమన్నారవ్వా."

"ఎందుకంట?"

"చెప్పలేదు."

ఆవిడ అతన్ని కిందికీ పైకీ చూసింది. "కూర్చో మరి. అరుగుకేం, అరిగిపోద్దా," అని లోపలికెళ్లింది. ఆ గొంతులో రోజూ ఉండే కారం లేదు. ఇది బోధికుడికి కొత్తగా అనిపించింది.

అతను కూర్చున్న చోటు నుంచి తలుపు సందులో ఇల్లంతా కనిపిస్తోంది. ఇల్లంతా అంటే ఒక్క గదే. మూలన పొయ్యి. దాని పక్కన బోర్లించిన నాలుగు కుండలు. గోడకు ఒక కొయ్య గరిటె తగిలించి ఉంది. మనిషి మోచెయ్యంత గరిటె. ఒంటి మనిషి వంటకు అంత గరిటె అక్కర్లేదు.

కొమ్మవ్వ వాకిలి చిమ్మింది. తుంపరలో ఎవరు చిమ్ముతారు? ఆవిడ చిమ్మింది. నీళ్లు నిలిచిన చోట బూడిద చల్లింది. లోపలికెళ్లి కట్టుకున్న కోక మార్చి ఇంకొకటి కట్టుకుంది. అదీ పాతదే, కానీ ఉతికింది. జుట్టు తడి చేసుకుని ముడి వేసుకుంది. ఇదంతా ఎవరి కోసమో బోధికుడికి అర్థం కాలేదు. ఇంటికి చుట్టాలొస్తున్నారేమో అనుకున్నాడు.

అంతలో ఏటి వైపు నుంచి గరిటె పాత్ర అంచుకు తగిలిన చప్పుడు సన్నగా వినిపించింది. కొమ్మవ్వ చేస్తున్న పని ఆపింది.

"మొదలెట్టారు," అంది తనలో తను.

వీధి చిన్నది. ఒక్కొక్క గడప దగ్గరా గరిటె చప్పుడవుతోంది, ఆగి మళ్లీ ఇంకాస్త దగ్గర్లో వినిపిస్తోంది. బోధికుడు ఇన్నాళ్లూ ఆ వీధిలో నడిచాడు గానీ, తను వస్తున్న చప్పుడు అవతలివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఎప్పుడూ వినలేదు. ఆవిడ లోపల ఒక్కొక్క కుండా తీసి చూస్తోంది. ఒకటి. రెండు. మూడో కుండలో చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. నాలుగోది తీసి, చూడకుండానే బోర్లించింది. ఏ కుండలో ఏముందో ఆవిడకు తెలియదా? తెలుసు. అయినా చూసింది. తర్వాత గోడ మీది గరిటె తీసి కొంగుతో తుడిచి, చేత్తో పట్టుకుని, మళ్లీ తగిలించేసింది.

బోధికుడు కళ్లు దించుకున్నాడు. రోజూ ఈ తలుపు తెరుచుకునే ముందు లోపల ఇదంతా జరిగేదన్నమాట. దీని తర్వాత బయటికి వచ్చి, పాత్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి లేదని చెప్పాలి. పక్కింటి వాళ్లు వింటుండగా చెప్పాలి. మామూలు గొంతుతో చెప్పడం ఎవరి వల్లవుతుంది?

గంగి తన వాకిట్లోకి వచ్చింది. అరుగు మీద భిక్షువును చూసి, సంగతేదో తేలబోతోందని గడప దగ్గరే ఆగింది.

"కొమ్మవ్వా, ఇవాళైనా వస్తారంటావా మీ ఇంటికి?"

కొమ్మవ్వ వీధి వైపే చూస్తోంది. గంగి బోధికుడి వైపు తిరిగింది.

"ఇంతకీ ఏం తప్పు చేసిందో మీరన్నా చెప్పండి సామీ. అవ్వ ఇంటి మీద మీ సంఘం పాత్ర బోర్లించిందని ఊరంతా అంటన్నారు. నిన్న నాట్ల కాడ కూడా ఆవిణ్ణి పక్కకి కూర్చోబెట్టారు."

బోధికుడు చటుక్కున తలెత్తాడు.

పాత్ర బోర్లించడం అంటే ఏమిటో అతనికి తెలియక కాదు. సంఘానికి ఘోరమైన కీడు చేసిన ఇంటి నుంచి భిక్ష తీసుకోకూడదని సంఘమంతా కూర్చుని తీర్మానిస్తుంది. ఆ నియమం, దాని కింద ఎనిమిది కారణాలు, అతను గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. పదమూడు గడపలు ఎక్కి ఒక్క గడపను రోజూ వదిలేస్తే చూసేవాళ్లు దాన్నేమనుకుంటారో అన్నది మాత్రం అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఎవరూ ఏం బోర్లించలేదమ్మా," అన్నాడు.

"మరెందుకు రావట్లేదు?"

కొమ్మవ్వే అందుకుంది.

"నేనే నోరు పారేసుకున్నాలేవే. కుర్రాడికి కోపం వచ్చుంటది," అంది. తర్వాత బోధికుడి వైపు చూడకుండా, గడపకు చెబుతున్నట్టు చెప్పింది. "మా ఆయన ఉండగా ఈ వీధిలో మొదటి గరిటె మాదే సామీ. మేం పెట్టాకే ఎవరైనా పెట్టేది. ఆయన పోయాడు, ఎద్దు పోయింది, గానుగ పోయింది. ఇల్లింకా ఉంది కదా అనుకున్నా. మీవాళ్లు వచ్చి నిలబడతన్నారు గదా, ఇంకా ఇల్లే గదా అనుకున్నా."

ఇంతలో స్థవిరుడు గంగి గడప ముందుకు వచ్చాడు.

గంగి గబగబా లోపలికెళ్లి అన్నం తెచ్చి పెట్టింది. పాత్ర అంచు దాకా నిండింది. కొమ్మవ్వ తన గడపలో నిటారుగా నిలబడింది. రెండు చేతులూ ముందుకు కట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, చెప్పాల్సిన మాట ముందే కూడబలుక్కుంటున్నట్టు.

స్థవిరుడు పాత్ర వైపు చూశాడు. పై వస్త్రం అంచుతో దాన్ని కప్పాడు. కొమ్మవ్వ ఇంటి వైపు తలైనా తిప్పకుండా సందులోకి మళ్లాడు.

బోధికుడు కొమ్మవ్వ ముఖం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండునని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కట్టుకున్న చేతులు వదిలేసి, తలుపు రెక్క పట్టుకుంది. అయిదు రోజులు ఆ సందులో తను కొండెక్కుతున్నప్పుడల్లా వెనక ఈ ముఖం ఉంది. తను హాయిగా నడిచిపోయాడు. ఆకలి కూడా బాగా వేసింది.

అరుగు మీంచి దూకి సందులోకి పరుగెత్తాడు. గట్టు ఎక్కబోతున్న గురువుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"భంతే, ఆగండి. ఇంకో గడప ఉంది."

"పాత్ర నిండింది కదా," అన్నాడు స్థవిరుడు.

"నిండింది."

"నిండాక ఇంకో గడప ఎక్కనక్కర్లేదని నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"మెతుకు పట్టే చోటు లేదు, చూడు." స్థవిరుడు వస్త్రం తొలగించి చూపించాడు.

బోధికుడు పాత్ర వైపు చూడలేదు. అతని కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"ఆవిడ పెట్టేదానికి చోటుంది, భంతే," అన్నాడు.

స్థవిరుడు పాత్రను అతని చేతుల్లో పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

బోధికుడు సందులోంచి వీధిలోకి వచ్చాడు. కొమ్మవ్వ తలుపు మూయబోతోంది. అతను గడప ముందు తల దించుకుని నిలబడ్డాడు. తుంపర కాస్త పెద్దదైంది. తలుపు ఆగింది. గంగి వాకిట్లోనే ఉంది. ఎదురింటివాళ్లు కూడా తొంగి చూస్తున్నారు. గానుగ తిప్పుతున్న ఎద్దును ఎవరో నిలిపేశారు.

అతనికి ఈసారి ఒళ్లు బిగుసుకోలేదు. లోపల కుండలు తీసి చూస్తున్నంత సేపు పడుతుందని తెలుసు గనక, ఓపిగ్గా నిలబడ్డాడు. నిజంగానే లోపల కుండ కదిలిన చప్పుడైంది.

కొమ్మవ్వ గడప దగ్గరికి వచ్చింది. నిండిన పాత్రను చూసింది. వంచిన అతని తలను చూసింది. వీధిలో అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఇవాళేం లేదు సామీ. రేపు రా."

బోధికుడు పదమూడు గడపల దగ్గరా వంచినట్టే ఇక్కడా తల వంచాడు. నోరు తెరిచి మాట్లాడకూడదన్న నియమం అతనికి గుర్తుంది. ఆ నియమాన్ని ఆ ఒక్కసారికీ పక్కన పెట్టాడు.

"వస్తానవ్వా," అన్నాడు.